క్వెట్టా కంటి వైద్యుడు సర్ హెన్రీ హాలండ్ గారు

1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు గార్లను బందరుకు పంపిన చర్చి మిషనెరీ సొసైటీని ఎరుగనివారు మన సంఘములలో అరుదు. అదే సొసైటీ 1900లో ఒక యువ వైద్యుని నాటి హిందూదేశపు వాయవ్యపు అంచున, బెలూచిస్తానములోని క్వెట్టాకు పంపినది. ఆయనే డాక్టరు హెన్రీ హాలండ్. ఈ శతవార్షిక సంచికలో మన ప్రాంతపు భక్తులను గూర్చి వ్రాయువారు అనేకులుందురు గనుక, మేము ఈ దూరపు బంధువును గూర్చి వ్రాయ తలపెట్టితిమి.

హాలండ్ గారు 1875 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని డర్హములో ఒక గురువుగారి ఇంట జన్మించిరి. ఎడింబరోలో వైద్యవిద్య ముగించి, ఇరువదియైదేండ్ల ప్రాయములో క్వెట్టా మిషన్ ఆసుపత్రికి చేరిరి. నేడు పాకిస్తానులోనున్న ఆ పట్టణము కొండల నడుమ, ఆఫ్ఘనిస్తానపు సరిహద్దుకు సమీపముననున్నది. రోగులు ఒంటెలమీదను కాలినడకనుకూడ వచ్చెడివారు. ఎండ, దుమ్ము, ఈగలు కలిసి ఆ దేశములో కన్నులకు శత్రువులాయెను. వైద్యుడు ఏ రోగమునకు సిద్ధపడి వచ్చినను, అక్కడ ఆయన ఎదుట నిలిచినవారిలో గ్రుడ్డివారే మెండు.

వారిలో అనేకులది శుక్లము. కంటిలోనున్న అద్దమువంటి కటకము మబ్బుపట్టి తెల్లబడుటయే ఈ వ్యాధి. మన పల్లెలలో పొర కమ్మినదందురు. దేశమంతట తిరుగు నాటు కంటివైద్యులు సూదితో ఆ కటకమును కంటిలోపలికే నెట్టివేసెడివారు. వెంటనే వెలుగు కనబడును, రోగి సంతోషముతో రూకలిచ్చును, వైద్యుడు మరియొక ఊరు పోవును. తరువాత అనేకులకు కన్ను వాచి, ఉన్నదియు పోవును. ఆసుపత్రిలో చేయు పని వేరు. 1884 నుండి వాడుకలోనికి వచ్చిన కొకెయిను చుక్కలతో కంటిని మొద్దుబరచి, నల్లగ్రుడ్డు అంచున కోసి, మబ్బుపట్టిన కటకమును వెలుపలికి తీసివేయుదురు. పిమ్మట రోగి కన్నులకు కట్టుకట్టుకొని కొన్ని దినములు కదలక పరుండవలెను. ఆ కాలముననే జలంధరులో కర్నల్ హెన్రీ స్మిత్ అను వైద్యుడు కటకమును దాని సంచితో కూడ వత్తి తీయు పద్ధతిని ప్రచారము చేయుచుండగా, అది మేలా కీడా యని వైద్యలోకములో గొప్ప వాదములు జరిగినవి. హాలండ్ గారు వాదములకంటె చేతిపనిలో మిన్న. వారు చేసిన శుక్లపు ఆపరేషనులు పదుల వేలు.

అయితే మా ఊహకు వారి నూతనత్వము కత్తిలో లేదు. క్వెట్టాలో శీతకాలము మంచు కురియును. ప్రయాణములు కష్టము, రోగులు తగ్గుదురు. దిగువ సింధు దేశములో అదే కాలము హాయిగానుండును. 1909 ప్రాంతమున షికార్‌పూరు వాస్తవ్యుడు సేఠ్ హీరానంద్ అను హైందవ దాత, ఏటేట కొన్ని వారములు వచ్చి మా గ్రుడ్డివారికి ఆపరేషనులు చేయుడని వీరిని పిలిచి, అందుకు కావలసిన ధనసహాయము చేసెను. నాటినుండి ప్రతి శీతకాలమును హాలండ్ గారు షికార్‌పూరులో కంటి శిబిరము నడపిరి. గ్రుడ్డివాడు ఒంటరిగా రాలేడు గదా. వానిని నడిపించుకొని వచ్చిన కొడుకో మనుమడో అక్కడనే వండిపెట్టుచు, మంచము ప్రక్కన పడియుండెడివాడు. అమెరికా, ఇంగ్లండు దేశముల శస్త్రవైద్యులు సహితము అక్కడికి నేర్చుకొనుటకు వచ్చిరి. తమ దేశములో ఏండ్ల తరబడి చూడలేనన్ని శుక్లములను వారు షికార్‌పూరులో కొన్ని వారములలోనే చూచిరి. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి కప్పు విప్పి దింపిన సంగతి మనకు తెలిసినదే. ఇక్కడ వైద్యుడే తన పనిముట్ల పెట్టె మోసికొని రోగులున్న చోటికి దిగివచ్చెను.

ఇతర మతస్థుని ధనముతో మిషన్ వైద్యుడు పనిచేయవచ్చునా యని శంకించువారు నేటికిని ఉన్నారు. కపెర్నహూములో యూదులకు సమాజమందిరము కట్టించిన శతాధిపతి ఎవరో వారు జ్ఞాపకము చేసికొందురు గాక.

1935 మే 31న తెల్లవారక మునుపే గొప్ప భూకంపము క్వెట్టాను నేలమట్టము చేసెను. పదుల వేల జనులు మరణించిరి. మిషన్ ఆసుపత్రి కూలినది. శిథిలముల క్రింద చిక్కుకొనిన హాలండ్ గారిని వారి కుమారుడు హ్యారీ త్రవ్వి వెలికి తీసెను. అప్పటికి వారికి అరువదియేండ్లు. ఇంటికి పోయి విశ్రమించినచో తప్పుపట్టువారుండరు. వారు పోలేదు; విరాళములు కూర్చి ఆసుపత్రిని తిరిగి కట్టించిరి. 1936లో ప్రభుత్వము వారికి సర్ బిరుదమిచ్చెను.

ఇంత సేవకు ఫలమేమని అడుగవచ్చును. మేము వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో మిషనెరీల జీవితములను బాప్తిస్మముల సంఖ్యతో కొలుచుట అలవాటు. ఆ కొలతతో చూచిన, సరిహద్దు ప్రాంతపు మిషనుల పంట బహు స్వల్పము. కట్టు విప్పగానే మనుమని ముఖము చూచిన ముసలివారిలో అత్యధికులు ముసల్మానులుగానో హిందువులుగానో వచ్చి, అట్లే ఇంటికి పోయిరి. ప్రభువు స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడేయనియు, తక్కిన తొమ్మండుగురి స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదనియు మేము ఆ లెక్క వేయు దినములలో తలచుకొనలేదు.

1947లో దేశము విభజింపబడెను. షికార్‌పూరు హిందువులు పెక్కుమంది ఇండ్లు వాకిళ్లు విడిచి ఇటు తరలివచ్చిరి. అయినను శిబిరము నిలువలేదు. 1948లో ఉద్యోగవిరమణ చేసిన తరువాతను హాలండ్ గారు ఇంగ్లండునుండి శీతకాలములలో షికార్‌పూరుకు వచ్చుచునే యుండిరి. 1960లో, వారి ఎనుబదియైదవ యేట, ఫిలిప్పీన్సు దేశపు రామన్ మెగసెసే బహుమానము వారికిని, క్వెట్టాలో అదే పని చేయుచున్న కుమారుడు డాక్టరు రోనాల్డు గారికిని కలిపి ఇయ్యబడెను. 1965లో హాలండ్ గారు ప్రభువునందు నిద్రించిరి.