దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

పల్లెటూరి గ్రంథాలయముల పాత బీరువాలలో ఆంధ్ర గ్రంథమాల పేరుగల పుస్తకము ఒక్కటియైనను కంటబడుట కలదు. కాగితము పసుపువన్నెకు తిరిగియుండును; కుట్టు వదలియుండును; లోపలి అక్షరము మాత్రము చెక్కు చెదరియుండదు. ఆ గ్రంథములను అచ్చువేయించిన మహనీయుడు పుస్తకములమ్మి ధనవంతుడైనవాడు కాడు. తలనొప్పికి మందు అమ్మి, వచ్చిన సొమ్మును పుస్తకములపై వెచ్చించినవాడు. ఆయనయే నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు కృష్ణామండలమున గుడివాడ ప్రాంతమునందలి ఎలకుర్రు గ్రామమున 1867వ సంవత్సరము మే 1వ తేదీన జన్మించిరి. బందరులో కొంతకాలము చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పుచ్చుకొనిరి. విద్యార్థి దశలోనే వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని చదువుట చేత, పత్రికయు పుస్తకమును సంఘమును మార్చగలవను నమ్మకము ఆయన మనస్సున నాటుకొనెను. సర్కారు కొలువునకు పోక వర్తకమును ఎన్నుకొనిరి. మదరాసులోను, కలకత్తాలోను కొంతకాలము గడపి, బొంబాయి చేరిరి. 1893లో అక్కడ అమృతాంజనమును తయారుచేసి అమ్మ మొదలిడిరి. ఊరూ పేరూ లేని కొత్త మందును ఎవరు కొందురు? పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. పాట విని తలనొప్పి తెచ్చుకొనువారు ఉందురా యని నవ్వినవారును ఉండియుందురు గాని, ఉపాయము ఫలించినది. కొలది సంవత్సరములలో ఆ చిన్న సీసా దేశమంతట వ్యాపించెను.

అంతటితో సంతృప్తి చెందినచో ఆయన చరిత్రను నేడు ఎవరును వ్రాయవలసిన పనిలేదు. 1907లో సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆయన వెళ్లిరి. దేశమంతట రాజకీయ చైతన్యము పొంగుచుండగా తెలుగువారికి తమ భాషలో దానిని తెలిపెడి గట్టి పత్రిక లేకుండుట ఆయన మనస్సును కలచివైచెను. మరుసటి సంవత్సరమే, 1908 సెప్టెంబరులో, బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. తెలుగుదేశమునకు అంత దూరమున, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, తెలుగు అక్షరములు కూర్చి అచ్చువేసి తపాలాలో పంపుట సామాన్యమైన పని కాదు. 1910 మొదలుకొని ఉగాది సంచికలను కూడ ప్రకటించుచు వచ్చిరి. పండితుల వ్యాసములు, కథలు, చిత్రములు నిండిన ఆ సంచికలను చదివి దాచుకొనుట చాల ఇండ్లలో ఆచారమయ్యెను.

1914 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రపత్రిక మదరాసునుండి దినపత్రికగా ఆరంభమైనది. అదే నెల 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల తొలి మహాసభ జరిగినది. దినపత్రికయు గ్రంథాలయోద్యమమును తొమ్మిది దినముల తేడాతో పుట్టిన తోబుట్టువులవలె పెరిగినవి. పల్లెలో గ్రంథాలయమనగా తొలుత ఒక అరుగు, ఒక లాంతరు, ఒక దినపత్రిక. బీరువాయు పుస్తకములును తరువాత వచ్చినవి. అక్షరము వచ్చినవాడు చదువగా రానివారు చుట్టును కూర్చుండి వినెడివారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు ఆ పత్రికతో ప్రత్యేకమైన సంబంధము ఏర్పడినది. అందుకు దారియు అనుకూలించినది. మదరాసునుండి బెజవాడకు పోవు రైలు మార్గము బాపట్ల, తెనాలి మీదుగానే సాగును. 1916లో రేపల్లెకు రైలు శాఖ పడినది. స్టేషనులో దిగిన పత్రికల కట్ట బండిమీదనో, కాలువలో పడవమీదనో, నడచుకొనియో లోపలి గ్రామములకు చేరెడిది. అంతకుముందే, 1913లో, ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలో బయ్యా నరసింహేశ్వరశర్మగారి అధ్యక్షతను జరిగి, ఆంధ్రులకు వేరు రాష్ట్రము కావలెనను మాటను దేశము ముందుంచెను. ఆ కోరికను ఏండ్ల తరబడి మోసినది ఆంధ్రపత్రికయే. 1921లో చీరాల పేరాల ఉద్యమము, ఆ వెంటనే పెదనందిపాడు పన్నుల నిరాకరణము నడచిన దినములలో, తమ పొరుగు రైతు చేయుచున్న పనిని ఈ ప్రాంతపు రైతు తన భాషలో అచ్చులో చదువుకొనగలిగెను.

1924లో పంతులుగారు భారతి మాసపత్రికను స్థాపించిరి. శాసనములు, చరిత్ర, కావ్యవిమర్శ, క్రొత్త కవిత, కథ అన్నియు అందు చోటు చేసికొనెను. ఇట్టి పత్రికను వర్తకదృష్టితో ఎవరును పెట్టరు.

పుస్తక ప్రకటనలో ఆయనకు ముందు త్రోవ చూపినవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1906లో హైదరాబాదున పుట్టిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులను కూడగట్టి, వారి బలముపై చరిత్ర, ప్రకృతి శాస్త్రములను తెలుగులో సరసమైన వెలకు అందించెను. లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మాత్రము అకారాది సంపుటములతోనే ఆగినది. దానిని మరల చేపట్టిన సమయముననే, 1923 జూలైలో, ఆయన పరమపదించిరి. ఒక మనిషి పోగానే ఒక జాతి విజ్ఞానకోశము మూతపడవలెనా? ఆ భారమును పంతులుగారు తలకెత్తుకొనిరి. 1930 తరువాతి సంవత్సరములలో సర్వస్వ సంపుటములను సంస్కరింపజేసి మరల వెలువరించిరి. ఆ పని కూడ చివరి అక్షరము వరకు నడువలేదు. అయినను, ఇతరుడు మొదలుపెట్టిన గ్రంథమును తన సొమ్ముతో సాగించుటకు సిద్ధపడిన ప్రకాశకులు అరుదు.

ఆంధ్ర గ్రంథమాల 1926లో ఆరంభమైనది. ఆ సంవత్సరమే వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో పాల్కురికి సోమనాథుని బసవపురాణము అందులో ప్రకటితమయ్యెను. ఇచ్చట కొంత నిలిచి ఆలోచింపవలెను. బసవపురాణము ద్విపద కావ్యము, జానుతెనుగున నడచినది. చాకలియైన మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య, బోయయైన కన్నప్ప మున్నగు భక్తుల కథలు అందున్నవి. ప్రబంధములకు అలవాటుపడిన పండితలోకము ద్విపదను చిన్నచూపు చూచెను. పాఠశాలలు దానిని పాఠ్యముగా పెట్టలేదు. అమ్ముడుపోవునను ఆశ ఏ వర్తకునికి కలుగును? తాళపత్ర ప్రతులను వెదకి, పోల్చి, తప్పులు దిద్దుటకు పండితునికి నెలలు పట్టును. అంతకాలము అతని కుటుంబము గడువవలెను. ఈ వ్యయమంతయు పుస్తకపు వెలపై వేసినచో పల్లెటూరి గ్రంథాలయము దానిని తాకజాలదు. పంతులుగారు వ్యయమును అమృతాంజనము మీద వేసి, పుస్తకమును చౌకగా పాఠకునికి అందించిరి. చాకలి, మాదిగ, బోయ భక్తుల కథ పండితుని పెట్టెనుండి రచ్చబండకు వచ్చిన దారి ఇదియే.

ఈ పద్ధతిలో ఒక చిక్కును లేకపోలేదు. మండలికి చందాదారులు పలువురు; గ్రంథమాలకు ఆధారము ఒక్క దాత. పాఠకుడు పూర్తి వెల చెల్లింపని పుస్తకము దాత చేయి ఆడినంతకాలమే వచ్చును. విశ్వదాత యని లోకము ఆయనను కొనియాడినది గాని, అడిగినవారికెల్ల లేదనక ఇచ్చు స్వభావము వలన ధనము నిలువ యుండెడిది కాదు. చందాయే మేలా, దానమే మేలా యనిన, లెక్క చూచుకొనువాడు చందాయే మేలనును. కాని బసవపురాణము వంటి గ్రంథమునకు ముందుగా చందా కట్టువారు ఆనాడు ఎందరుందురు?

రాజకీయములలో కూడ పంతులుగారు పెద్దలుగా మెలగిరి. చిరకాలము ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘాధ్యక్షులుగా ఉండిరి; ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు పోయిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను. కోస్తా రాయలసీమ నాయకుల నడుమ 1937 నవంబరులో కుదిరిన ఒడంబడిక మదరాసులోని ఆయన గృహమైన శ్రీబాగులో జరిగి, ఆ ఇంటి పేరనే ప్రసిద్ధమైనది.

ఆ దినములలోనే గ్రంథాలయోద్యమము తెనాలి ప్రాంతమున కాలువలకు ఎక్కినది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెము, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయమును నడిపిరి. పుస్తకమును ప్రకటించువాడు ఒకడైనచో, దానిని రేవు రేవునకు మోసి చేర్చువాడు మరియొకడు. చౌక వెల పుస్తకము లేనిచో ఆ పడవలు వట్టివిగా పోయెడివి. పడవ లేనిచో ఆ పుస్తకములు మదరాసు గిడ్డంగులలో చెదలకు ఆహారమయ్యెడివి.

1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు మదరాసున కీర్తిశేషులైరి. గ్రంథమాల వెంటనే ఆగలేదు. 1939లో చిలుకూరి నారాయణరావుగారు పరిష్కరించిన సోమనాథుని పండితారాధ్య చరిత్ర అందులో వెలువడెను. పత్రికల బాధ్యతను అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు వహించి, తాను 1972లో మరణించు వరకు నడిపిరి. ఆంధ్రపత్రికయు, భారతియు 1991లో నిలిచిపోయినవి. వానికి అన్నము పెట్టిన అమృతాంజనము మాత్రము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది.

ఆగిపోయిన పత్రికల పాత సంచికలు ఎక్కడ మిగిలినవో చూచిన, అవి ఎక్కువగా గ్రంథాలయములలోనే ఉన్నవి. బాపట్లకు ఆవల, చీరాల చేరువను వేటపాలెమున 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము పాత తెలుగు పత్రికలను సంపుటములుగా కట్టి భద్రపరచుటలో పేరుపొందినది. తొలినాళ్ల తెలుగు పత్రికలపై పరిశోధన చేయువారు దూరప్రాంతములనుండి ఆ గ్రామమునకు వచ్చి, బల్లముందు కూర్చుండి, పుటలు చిరుగకుండ మెల్లగా త్రిప్పుచు వ్రాసికొని పోవుచుందురు.