తెలుగు పేర్లను లోకానికి చాటిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు – పాట్రిక్ రస్సెల్

తొలకరి జల్లులు పడగానే పొలం గట్టున నడిచే రైతు నేలను పరికించి గాని అడుగు వేయడు. గడ్డిలో కదలిన ప్రాణి జెర్రిపోతు అయితే నిశ్చింతగా ముందుకు సాగుతాడు. అది రక్తపింజర అయితే వెనుకకు మరలుతాడు. రెండింటికీ భేదం తెలియడం అక్కడ పాండిత్యానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం. ప్రాణులను గుర్తించడం, వాటికి పేరు పెట్టడం, ఏది ఎక్కడ జీవిస్తుందో తెలుసుకోవడం మానవుని ప్రాచీనమైన విద్యలలో ఒకటి. ఆ విద్యను శాస్త్రంగా మలచే ప్రయత్నం ఉత్తరాంధ్ర తీరంలో రెండు శతాబ్దాలకు పూర్వమే జరిగింది. ఆ ప్రయత్నానికి పూనుకొన్నవాడు స్కాట్లాండు దేశీయుడైన వైద్యుడు పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ 1727వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ రస్సెల్ న్యాయవాది. పాట్రిక్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి 1750లో పట్టం పొందాడు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ రస్సెల్ అప్పటికే సిరియా దేశంలోని అలెప్పో నగరంలో, లెవాంట్ కంపెనీ వర్తకులకు వైద్యుడుగా పని చేస్తున్నాడు. పాట్రిక్ పట్టం పొందిన ఏడే అక్కడికి వెళ్లి అన్నకు తోడయ్యాడు. 1753లో అన్న స్వదేశానికి మరలిపోగా ఆ పదవి తమ్మునికి లభించింది. 1760 నుండి 1762 వరకు అలెప్పోలో ప్లేగు వ్యాధి విజృంభించింది. ఆ భయంకర దినాలలో పాట్రిక్ రోగులను గమనించి, వారి లక్షణాలను ఒక్కొక్కటిగా రాసి పెట్టుకొన్నాడు. చూసినదాన్ని చూసినట్లు రాయడం, విన్నదాన్ని పరీక్షించక నమ్మకపోవడం అనే రెండు గుణాలు ఆయనలో అక్కడే స్థిరపడ్డాయి. ఆ అనుభవసారమే 1791లో ప్లేగు వ్యాధిపై ఒక గ్రంథంగా వెలువడింది.

1771లో ఆయన అలెప్పో విడిచి లండన్ చేరుకొన్నాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. ఇక విశ్రాంతిగా శేషజీవితం గడుపుకోవలసిన వయస్సు అది. అయితే తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ పక్షాన విశాఖపట్నంలో పరిపాలనాధికారిగా నియమితుడు కావడంతో, ఆయనకు తోడుగా పాట్రిక్ 1781లో భారతదేశానికి ప్రయాణమయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగు సంవత్సరాలు. కొత్త దేశం, కొత్త వాతావరణం, తెలియని భాష. సామాన్యులు వెనుకంజ వేసే వయస్సులో ఆయన కొత్త అధ్యయనానికి శ్రీకారం చుట్టాడు.

ఆనాటి విశాఖపట్నం చికాకోల్ సర్కారులో భాగం. చికాకోల్ అంటే నేటి శ్రీకాకుళమే. 1766లో నిజాముతో కుదిరిన ఒడంబడిక వల్ల ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యాయి. అయినా విజయనగరం పూసపాటి ప్రభువుల ప్రాబల్యం ఆ ప్రాంతమంతటా బలంగానే ఉండేది. తరువాతి కాలంలో ఏర్పడిన విశాఖపట్నం జిల్లా నుండి 1950లో శ్రీకాకుళం జిల్లా వేరు పడింది. 1979లో విజయనగరం జిల్లా అవతరించింది. కనుక రస్సెల్ విశాఖపట్నంలో కూర్చొని చేసిన పని ఈ ప్రాంతమంతటి ప్రకృతి చరిత్రకు తొలి అధ్యాయం వంటిది. ఒక వైపు తూర్పు కనుమలు, మరొక వైపు బంగాళాఖాతం, నడుమ నాగావళి, వంశధార నదులు తడిపే వరి పొలాలు గల ఈ నేల ప్రాణికోటికి పుట్టినిల్లు.

అది శాస్త్రలోకంలో గొప్ప మార్పు వచ్చిన కాలం. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ప్రతి ప్రాణికీ రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మొదటి మాట ప్రజాతిని, రెండు మాటలు కలిసి జాతిని తెలుపుతాయి. ఒకే ప్రాణిని పది దేశాలవారు పది పేర్లతో పిలిచినా, శాస్త్రజ్ఞులందరికీ ఒకే పేరు ఉంటే పొరపాటుకు తావుండదు. లిన్నేయస్ శిష్యుడైన జోహాన్ కోనిగ్ దక్షిణ భారతదేశానికి వచ్చి ఆ పద్ధతిలో మొక్కలను పరిశీలించాడు. కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పని చేసిన ఆయనతో రస్సెల్‌కు గాఢమైన మైత్రి ఏర్పడింది. 1785లో కోనిగ్ కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించాడు. ఆ ఏడే కంపెనీ ఆ బాధ్యతను రస్సెల్‌కు అప్పగించింది.

మొక్కల సేకరణతో పాటు ఆయన దృష్టిని ఆకర్షించినది పాముకాటు సమస్య. ఏటా ఎందరో పాముకాటుకు బలి అవుతున్నారు. ఏ పాము విషం గలది, ఏది కాదు అనే విషయంలో ఐరోపా వైద్యులకు స్పష్టమైన జ్ఞానం లేదు. బాహ్య లక్షణాలను బట్టి విషసర్పాన్ని వెంటనే గుర్తుపట్టే మార్గం ఒకటి కనుగొనగలిగితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయని ఆయన భావించాడు. దొరికిన ప్రతి పామును కొలిచాడు. పొట్ట కింది పలకలను, తోక కింది పొలుసులను లెక్కించాడు. రంగును, మచ్చలను, తల ఆకారాన్ని వర్ణించాడు. స్థానిక చిత్రకారుల చేత చిత్రాలు రాయించాడు. పొలుసుల లెక్క ఒక్కటే విషసర్పాన్ని పట్టి ఇవ్వదని ఆయన శ్రమ ఫలితంగానే తేలింది. కోరినంత సులభమైన గుర్తు ఏదీ దొరకలేదు. కాని ఆ అన్వేషణలో ఒక ప్రాంతపు సర్పజాతుల పట్టిక తయారైంది.

ఈ పట్టికలో తెలుగువారికి గర్వకారణమైన విశేషం ఒకటి ఉంది. రస్సెల్ తాను వర్ణించిన పాములకు లాటిన్ పేర్లు పెట్టలేదు. ఇక్కడి ప్రజలు పిలిచే పేర్లనే ఆంగ్ల లిపిలో రాసుకొన్నాడు. చింత నాగు, పెద్ద పొడ, జెర్రిపోతు, బొద్రు పాము వంటి పేర్లు ఆయన గ్రంథంలో దర్శనమిస్తాయి. ఒళ్లంతా కాటుక దిద్దిన రేకుల వంటి మచ్చలు గల పామును కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. అదే మనం రక్తపింజర అని పిలిచే పాము. ఐరోపావారికి అంతగా తెలియని ఈ పాము ప్రాణాంతకతలో నాగుపాము తరువాత నిలుస్తుందని ఆయన గుర్తించాడు. దాని విషం కోళ్లపైన, కుక్కలపైన చూపే ప్రభావాన్ని పరీక్షించి రోగ లక్షణాలను వర్ణించాడు. మూగజీవాలను బలిపెట్టిన ఈ పరీక్షలు నేటి మనస్సుకు బాధ కలిగిస్తాయి. ఆనాడు విషం స్వభావాన్ని తెలుసుకొనే మరొక దారి వైద్యులకు తెలియదు. పాముకాటుకు తిరుగులేని మందుగా ఆ రోజులలో ప్రసిద్ధి పొందిన తంజావూరు మాత్రను కూడ ఆయన పరీక్షించి, అది నిష్ఫలమని తేల్చాడు. ఎందరో నమ్మిన మందును కాదనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని ఆయనకు ఇచ్చినది ప్రత్యక్ష పరిశీలన.

రస్సెల్ జిజ్ఞాస పాములతో ఆగలేదు. వెదురు కణుపులలో గడ్డకట్టే తెల్లని వెదురుప్పును దేశీయ వైద్యులు ఔషధంగా వాడడం చూసి, దానిపై ఒక వ్యాసం రాశాడు. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపిన ఆ వ్యాసం 1790లో ప్రచురితమైంది. మరుసటి ఏడు జేమ్స్ మేసీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ పదార్థాన్ని పరీక్షించి, అది ఇసుకలో ఉండే సిలికా వంటిదని నిరూపించాడు. ఈ మేసీయే అనంతర కాలంలో స్మిత్సన్ అనే పేరుతో ప్రఖ్యాతుడై, తన ఆస్తితో అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థ వెలియడానికి కారకుడయ్యాడు.

విశాఖ తీరంలో జాలరుల వలలలో పడే చేపలు రస్సెల్‌కు మరొక ప్రపంచాన్ని చూపాయి. ఉదయం వేళ తీరానికి చేరే చేపలలో జాలరి కంటికి ప్రతి ఒక్కటీ వేరే. సొర వేరు, చందువ వేరు, కార వేరు, కానగుర్త వేరు. వారికి బడి చదువు లేకపోవచ్చు. కాని ఒకే పోలిక గల చేపలను ఒక కుదురుగా చేర్చి, వాటిలో భేదాలను ముందుమాటతో తెలిపే నేర్పు వారి భాషలోనే ఉంది. చందువ అనేది కుదురు పేరు, నల్ల చందువ అందులో ఒక రకం. లిన్నేయస్ రెండు మాటల పద్ధతికి ఇది ఎంత దగ్గరో గమనించదగినది. రస్సెల్ ఈ పేర్లను శ్రద్ధగా సేకరించి రెండు వందల చేపలను వర్ణించాడు. ఈ గ్రంథం 1803లో రెండు సంపుటాలుగా వెలువడింది.

1789లో రస్సెల్ భారతదేశాన్ని వీడి ఇంగ్లండు చేరుకొన్నాడు. సామర్లకోటలో పని చేస్తుండిన విలియం రాక్స్‌బర్గ్ ఆయన స్థానంలో నియమితుడయ్యాడు. కోరమాండల్ తీరపు మొక్కల గురించి రాక్స్‌బర్గ్ రచించిన మహాగ్రంథం తొలి సంపుటం 1795లో వెలువడినప్పుడు దానికి పీఠిక రాసినవాడు రస్సెల్. 1794లో అన్నగారి అలెప్పో గ్రంథాన్ని విస్తరించి మరల ప్రకటించాడు. 1796లో కంపెనీ డైరెక్టర్ల ఆదేశంపై భారతీయ సర్పాల గ్రంథం మొదటి సంపుటం అచ్చయింది. 1804లో, డెబ్బయి ఏడేళ్ల వయస్సులో, కొన్ని విషసర్పాల కంటికీ ముక్కుకూ నడుమ కనిపించే గుంటలను గురించి వ్యాసం ప్రకటించాడు. ఆ గుంటలు వేడిని పసిగట్టే అవయవాలని శాస్త్రలోకం గ్రహించినది ఇరవయ్యవ శతాబ్దంలోనే. 1805 జూలై 2న రస్సెల్ లండన్‌లో కన్నుమూశాడు. ఆయన అవివాహితుడు. సర్పాల గ్రంథం చివరి భాగాలు 1807లోనూ, 1809లోనూ వెలుగు చూశాయి.

లాటిన్ పేర్లు పెట్టకపోవడం వల్ల రస్సెల్‌కు ఒక నష్టం కలిగింది. శాస్త్ర నియమం ప్రకారం ఒక జాతికి మొదట లాటిన్ పేరు పెట్టినవారికే ఆ జాతిని నిర్వచించిన గౌరవం దక్కుతుంది. ఆయన చిత్రాలను, వర్ణనలను ఆధారంగా చేసికొని ఇతర శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. అయితే వారు కృతఘ్నులు కారు. 1797లో జార్జ్ షా కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరునే పెట్టాడు. ఆ పాము నేటికీ రస్సెల్ వైపర్ అనే పేరుతోనే లోకప్రసిద్ధం.

రస్సెల్ నష్టం తెలుగు భాషకు లాభమైంది. గంజాం తీరంలోని మన్సూరు కోట నుండి వచ్చిన ఒక పామును ఆయన బంగారు పాము అని రాసుకొన్నాడు. పసుపు, నలుపు పట్టెలు గల ఆ పాము పేరు నుండి 1803లో దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బంగారస్ అనే ప్రజాతి నామాన్ని కల్పించాడు. ప్రపంచంలోని కట్లపాములన్నీ నేడు ఆ తెలుగు మాట కిందనే చేరాయి. 1816లో కువియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రస్సెల్ చిత్రించిన కానగుర్త చేపకు ఆ పేరునే జాతినామంగా ఉంచాడు. ఆఫ్రికా తీరం నుండి పసిఫిక్ ద్వీపాల దాకా దొరికే ఆ చేప శాస్త్రగ్రంథాలలో తెలుగు జాలరి పిలిచిన పేరుతోనే ఉంది. మన కట్లపాము మూల నివాసంగా శాస్త్రలోకం నమోదు చేసిన చోటు విశాఖపట్నమే.

ఇంత కృషిలో ఒక లోటు కూడ కనిపిస్తుంది. చేపలకు పేర్లు చెప్పిన జాలరుల పేర్లు, పాములను తెచ్చి ఇచ్చిన స్థానికుల పేర్లు, అంత నేర్పుగా బొమ్మలు గీసిన చిత్రకారుల పేర్లు నేడు లోకప్రసిద్ధం కావు. గ్రంథంపై రస్సెల్ పేరు నిలిచింది, పుటల లోపల వారి భాష నిలిచింది.

రస్సెల్ ప్రారంభించిన పని నేటికీ ముగియలేదు. భారతదేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు వల్ల ఏటా సగటున 58,000 మంది మరణించారని పరిశోధకులు అంచనా కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు పాముల విషానికి విరుగుడుగా మన దేశంలో తయారయ్యే మందు ప్రాణాలు నిలుపుతున్నది. ఏ ప్రాంతంలో ఏ పాము నివసిస్తుందో తెలిస్తేనే ఆ మందు సకాలంలో అవసరమైన చోటికి చేరుతుంది. హానిలేని పామును భయంతో చంపే అలవాటూ తగ్గుతుంది. పొలంలో ఎలుకలను అదుపులో ఉంచే జెర్రిపోతు రైతుకు మిత్రుడే కదా!

యాభై నాలుగేళ్ల వయస్సులో ఒక తెలియని తీరానికి వచ్చి, అక్కడి రైతులను, జాలరులను తన గురువులుగా స్వీకరించి, వారి మాటను పరిశీలనతో సరిచూసి లోకానికి అందించిన మహనీయుడు పాట్రిక్ రస్సెల్. మన పల్లెలలో పెద్దలు పలికే ఒక్కొక్క పురుగు పేరు, చెట్టు పేరు, చేప పేరు వెనుక తరతరాల పరిశీలన దాగి ఉంది. ఆ పేర్లు మరుగున పడక ముందే సేకరించి, పరిశీలించి, రాసి పెట్టుకోవడం నేటి విద్యార్థుల కర్తవ్యం.