బెంగుళూరు నాగరత్నమ్మ

సంగీత విదుషీమణి బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో జన్మించెను. మదరాసులో తన గానముచే విశేష ధనమును, కీర్తిని ఆర్జించెను.

తెలుగు వాగ్గేయకారుడగు త్యాగరాజస్వామి 1847లో కావేరీ తీరమునందలి తిరువయ్యారులో సిద్ధిపొందెను. కాలక్రమమున ఆయన సమాధి పాడుపడెను. ఆ వార్త విని నాగరత్నమ్మ మిగుల వగచెను. తన ఆస్తిని, ఆభరణములను వెచ్చించి అచ్చట ఆలయము నిర్మింపబూనెను. 1921లో శంకుస్థాపనము, 1925లో ప్రతిష్ఠ జరిగెను.

అయినను ఆరాధనోత్సవమున స్త్రీలు పాడుటకు వీలులేకుండెను. గుడి కట్టించిన గాయనికే ఆ భాగ్యము లేదు! ఆమె వెనుదీయలేదు. 1927లో స్త్రీలచే వేరుగా ఆరాధన జరిపించెను. 1941 నాటికి వర్గములన్నియు ఏకమయ్యెను. స్త్రీపురుషులు కలసి పాడసాగిరి.

నాగరత్నమ్మ 1952లో పరమపదించెను. స్వామి సమాధికి ఎదురుగా నేటికిని ఆమె విగ్రహము నిలిచియున్నది. తిరువయ్యారు వెళ్లువారు ఇరువురికిని నమస్కరింపవలెను.