పేరిగాడి మాట, వేదం వారి శాస్త్రం

నాటకం సాయంత్రపు కాలక్షేపమనీ, పరిశోధన గ్రంథాలయంలో జరిగేదనీ విడదీసి చూడడం మనకు అలవాటు. ఆ రెండూ ఒకే పనిగా సాగిన జీవితం వేదం వేంకటరాయశాస్త్రి గారిది. ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి, మన స్వర్ణోత్సవ సంచికకు రాయమనగానే నాకు ఆయనే తోచారు.

1853లో మద్రాసులో పుట్టారు. అక్కడి క్రైస్తవ కళాశాలలో చాలాకాలం సంస్కృత పండితులుగా పనిచేశారు. శృంగార నైషధానికీ, ఆముక్తమాల్యదకూ ఆయన రాసిన వ్యాఖ్యానాలు లేకుండా ఆ కావ్యాలు పాఠం చెప్పడం ఇవాళ్టికీ కష్టమే. అంతటి గ్రాంథికాభిమాని రంగస్థలం మీదికి ఏ భాష తెచ్చారన్నది చూడాలి.

హర్షుడి నాగానందాన్ని ఆయన 1891లో తెలుగు చేశారు. సంస్కృత నాటకాల్లో రాజూ మంత్రీ సంస్కృతం మాట్లాడితే, స్త్రీలూ సేవకులూ విదూషకుడూ ప్రాకృతం మాట్లాడతారు. తెలుగులో అందరి నోటా ఒకే గ్రాంథికం పెడితే ఆ తేడా చచ్చిపోతుంది. అందుకని ఆయన సామాన్య పాత్రలకు వాడుక మాట పెట్టారు. అదే పాత్రోచిత భాష. పండితులు ఊరుకుంటారా? గ్రామ్యమన్నారు, తప్పన్నారు. ఆయనా ఊరుకునే మనిషి కాదు. గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనమని ఒక రచనే చేసి, తాను చేసింది శాస్త్రసమ్మతమేనని వాదించారు. అంటే వేదిక మీది అవసరం ఆయన్ని మళ్లీ గ్రంథాల దగ్గరికి పంపింది.

1897లో ప్రతాపరుద్రీయం వచ్చింది. కన్యాశుల్కం అచ్చయిందీ ఆ ఏడాదే. కాకతీయ రాజు ఢిల్లీ వారికి చిక్కడం, యుగంధర మంత్రి పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరడం మనందరికీ తెలిసిన కథే. నన్ను పట్టుకున్నది మాత్రం రాజు పోలికలున్న చాకలి పేరిగాడు. వాడు నోరు విప్పితే వీథి వినిపిస్తుంది. నెల్లూరులో శాస్త్రిగారు నెలకొల్పిన ఆంధ్ర భాషాభిమాని సమాజం ఆయన నాటకాలను ఆడింది. ఆ మాట జనం చెవిన పడి నిలిచింది.

అయితే ఒక చిక్కుంది. పేరిగాడి భాష నవ్వు పుట్టిస్తుంది, యుగంధరుడి భాష గౌరవం పుట్టిస్తుంది. తరగతిలో ఈ రంగం చదివినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఇంట్లో అలాగే మాట్లాడే పిల్లవాడొకడు మాత్రం ఓసారి నవ్వలేదు. ఆ తర్వాత ఆ భాగాన్ని వాడి చేతే చదివించాను. మా అందరికంటే బాగా చదివాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో వాడికి తెలుసు.

శాస్త్రిగారు ఈ స్వేచ్ఛను నాటకం గడప దాటనివ్వలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠ్యపుస్తకాల్లోకి వ్యావహారికం రావాలన్నప్పుడు ఈయన గ్రాంథికం వైపే నిలబడ్డారు. దాన్ని కొందరు ద్వంద్వ వైఖరి అంటారు. నాకలా అనిపించదు. శాస్త్రంలో ఆధారం దొరికినంత మేరే ఆయన నడిచారు, అంతకు మించి ఒక్క అడుగూ వేయలేదు. నడిచింది తక్కువ దూరమే అన్నది వేరే మాట.

1929లో కన్నుమూశారు. వచ్చే వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులమంతా కలిసి పేరిగాడి రంగం ఒకటి వేద్దామని నా ప్రతిపాదన. యుగంధరుడి వేషానికి ఇప్పటికే ముగ్గురు ముందుకొచ్చారు. పేరిగాడి వేషానికే మనిషి కావాలి.