కవులు లేరన్న నిందకు 354 మందితో జవాబు
నేటి తరానికి స్ఫూర్తి సురవరం జీవితం

గద్వాల: నిజాం ఏలుబడిలో తెలుగుకు ఆదరణ కరవైన కాలాన కొత్త కలాలకు అండగా నిలిచిన వైతాళికుడు సురవరం ప్రతాపరెడ్డి. గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో 1896 మే 28న జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించినా అక్షరాన్నే నమ్ముకున్నారు. 1926లో హైదరాబాద్‌లో ‘గోలకొండ పత్రిక’ను నెలకొల్పి స్థానిక రచయితలకు వేదిక కల్పించారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న విమర్శ ఆయనను కలచివేసింది. ఊరూరా ఉన్న కవుల రచనలు సేకరించి, 354 మందికి చోటిస్తూ 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించారు. మరుగున పడిన కవులెందరో దాంతో వెలుగులోకి వచ్చారు. 1953 ఆగస్టు 25న ఆయన కన్నుమూశారు. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారానికి ఎంపికైంది. ఆ గౌరవాన్ని అందుకునేందుకు ఆయన లేకపోవడం సాహితీ లోకానికి తీరని వెలితి.