సామర్లకోట తోటలో రాక్స్‌బర్గు

స్కాట్లండు దేశమున 1751లో జన్మించిన విలియం రాక్స్‌బర్గు కుంపిణీవారి కొలువున వైద్యుడై 1776లో చెన్నపురికి వచ్చెను. వైద్యము ఆతని వృత్తి, వృక్షశాస్త్రము వ్యసనము. అయినను చెట్లు నాటుటకు ముందు ఆతడు చేసిన పని యెండను, గాలిని కొలుచుట. కోటలో ఆతడు వ్రాసిపెట్టిన వాతావరణ దినచర్య 1778లోనే లండను రాయల్ సొసైటీవారి సంపుటమున అచ్చుపడెను.

1781 ప్రాంతమున సామర్లకోట చేరి అచట తోట వేసెను. కాఫీ, దాల్చిని, జాజి, సీమపనస, మల్బరీ మున్నగు పరదేశపు మొక్కలెన్నియో అందు పెరిగెను. కుంపిణీవారి యాస మాత్రము మిరియముపైననే. ఉత్తరపు కొండలలో అడవి మిరియపుతీగ దొరకుటచే ఆతడును విస్తారముగా నాటించెను. ఆ తోట కడకు నిలువలేదు. కొండలోయల చెమ్మకు మరగిన తీగ మైదానపు వడగాడ్పునకు ఓర్వలేకపోయెనని తోచును. ఏ చెట్టును తన యొక్క జన్మలో స్వభావమును మార్చుకొనదు. పెక్కు మొలకలలో తాళగల కొన్ని మిగిలి, వాని విత్తనములే తరతరములుగా క్రొత్తనేలకు కుదురుకొనును. లాభము లెక్కించు వర్తకులకు అంత యోపిక యెక్కడిది?

1787 మే నెల ఉప్పెనలో రాక్స్‌బర్గు గ్రంథములును, కాగితములును పోయినవి. అంతకంటె ఘోరమైనది 1789-92 నాటి క్షామము. సర్కారులలో జనులు ఆకటిచే మడియుచుండగా ఆతని దృష్టి మిరియమునుండి ఆహారమునకు మరలెను. వాన తప్పిన యేటను తిండి పెట్టగల కొబ్బరి, ఈత, పనస, అరటి, సగ్గుబియ్యపుచెట్టు, సీమపనసలను బాటలవెంబడి, కాలువగట్లపై నాటవలెనని పైవారికి విన్నవించెను. ఈ పట్టికలో పెక్కు మన నేల నెరిగిన చెట్లే యగుట గమనింపదగినది. వచ్చినదెల్ల బ్రతుకదని ఆతనికి అనుభవము నేర్పియుండును.

1793లో కలకత్తా తోటకు అధ్యక్షుడయ్యెను. 1795లో వెస్టిండీసునుండి వచ్చిన మహాగని అచట చక్కగా నాటుకొనెను. ఏడాది పొడుగునను వాన కోరు జాజి, లవంగములు మాత్రము బంగాళపు చలికాలమునకు నిలువలేదు. ఆ యేటనే బ్రెజిలునుండి ఎఱ్ఱరంగునకై కాచినీలు పురుగును తెచ్చిరి. వచ్చినది మేలిజాతి కాదు, తక్కువజాతి. అదియే నాగజెముడును మ్రింగి విజృంభించెను! క్రొత్తసీమలో నెగ్గునది తెచ్చినవారు కోరినదే కానక్కరలేదు.

ఆతడు 1815లో ఎడింబరోలో మరణించెను. కోరమాండలు తీరపు వృక్షములనుగూర్చిన ఆతని మూడు సంపుటములలో తెలుగు పేర్లు అడుగడుగున కానవచ్చును. పెరూదేశపు జ్వరపుబెరడునకు మారుగా ఇచటి సోమిద బెరడును పరీక్షించి లోకమునకు తెలిపినవాడును ఆతడే. ఆ చెట్టు ప్రజాతికి శాస్త్రజ్ఞులు పిదప పెట్టిన పేరు ఆ తెలుగుమాటనుండి పుట్టినదే.