లండన్ నుంచి కౌసానికి – సరళా బెహన్ జీవితం

మన తెలుగు రాష్ట్రాల నుంచి సి.ఆర్.పి.లుగా బీహారు, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్లకు వెళ్లొచ్చిన అక్కలను అడిగితే తెలుస్తుంది, భాష రాని ఊళ్లో ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో. తొంభై ఏళ్ల కిందటే సముద్రం దాటి వచ్చి, బతుకంతా ఆ పనికే పెట్టిన ఒకామె గురించి ఈసారి తెలుసుకుందాం.

ఆమె అసలు పేరు కాథరిన్ మేరీ హైల్‌మన్. 1901లో లండన్‌లో పుట్టారు. తండ్రిది జర్మన్ మూలం, తల్లి ఇంగ్లీషామె. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే శత్రుదేశపు మనిషని తండ్రిని నిర్బంధించారు. బడిలో ఆ పిల్లను వేరు పెట్టారు, స్కాలర్‌షిప్ కూడా ఇవ్వలేదు. చదువు ఆపేసి గుమస్తా పనిలో చేరారు. చేయని తప్పుకు దూరం పెడితే ఎలా ఉంటుందో ఆమెకు చిన్నప్పుడే తెలిసింది.

లండన్‌లో పరిచయమైన భారతీయ విద్యార్థుల ద్వారా గాంధీగారి గురించి విన్నారు. 1932 జనవరిలో ఇంగ్లండ్ విడిచి మన దేశానికి వచ్చేశారు. మళ్లీ అక్కడ కాపురం పెట్టలేదు. కొంతకాలం ఉదయపూర్‌లో ఒక బడిలో, తర్వాత కొన్నేళ్లపాటు వార్ధా దగ్గర గాంధీగారి వెంట పనిచేశారు. చేతిపనితో కలిపి చదువు చెప్పే నయీ తాలీమ్ పద్ధతి అక్కడే నేర్చుకున్నారు. సరళా బెహన్ అయ్యారు. ఎండలకు, మలేరియాకు ఒళ్లు తట్టుకోలేక హిమాలయాల్లో అల్మోడా వైపు కౌసాని అనే ఊరు చేరారు.

ఆ కొండ ఊళ్లలో మగవాళ్లు చాలామంది పనుల కోసం కిందికి, పట్నాలకు పోతారు. గడ్డి, కట్టెలు, నీళ్లు, పశువులు, పొలం అన్నీ ఆడవాళ్ల నెత్తినే. ఇక ఆడపిల్లను బడికి పంపితే ఇంట్లో పని ఎవరు చేస్తారు?

ఇంతలో 1942 క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. జైలుకు పోయినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చూడటానికి ఆమె ఊరూరా తిరిగారు. ఊరు దాటొద్దని సర్కారు ఆంక్ష పెట్టినా దాటారు. ఇంగ్లీషామెను ఇంగ్లీషు సర్కారే రెండుసార్లు జైలుకు పంపింది. అల్మోడా, లక్నో జైళ్లలో కలిపి దాదాపు రెండేళ్లు ఉన్నారు.

బయటికొచ్చాక 1946లో కౌసానిలో లక్ష్మీ ఆశ్రమం పెట్టారు. మొదట చేరింది ముగ్గురు పిల్లలే. అక్కడ అక్షరాలతో పాటు ఆవుల పోషణ, కూరగాయల సాగు, నూలు వడకడం కూడా చదువే. పొలం పని చేసే చెయ్యి పుస్తకం పట్టడానికి పనికిరాదనే మాటకు ఆ బడే జవాబు.

అక్కడ పెరిగిన పిల్లల్లో విమల ఒకరు. రాజకీయ పార్టీ వదిలేసి పల్లెలో ఉండి సేవ చేస్తానంటేనే పెళ్లని షరతు పెట్టి, 1956లో సుందర్‌లాల్ బహుగుణను చేసుకున్నారు. 1960లలో ఆ కొండల్లో సారాకు ఎదురుతిరిగిన ఉద్యమంలో ఆడవాళ్లు ముందు నిలిచారు. మన దూబగుంట అక్కలకంటే పాతికేళ్ల ముందు మాట ఇది. 1973లో మొదలైన చిప్కో ఉద్యమంలో చెట్లను కాపాడిన వాళ్ల వెనుక కూడా సరళా బెహన్ పని ఉంది.

అన్నిటికన్నా మనం పట్టుకోవాల్సింది ఇంకోటుంది. ఆశ్రమాన్ని ఆమె తన దగ్గరే అట్టిపెట్టుకోలేదు. అక్కడే తయారైన కొండ ఊరి అమ్మాయి రాధా భట్‌కు బాధ్యత అప్పగించారు. తను పక్కకు తప్పుకుని, మన పోచంపల్లిలో 1951లో పుట్టిన భూదానోద్యమం పని మీద బీహారు వెళ్లారు. తర్వాత చంబల్‌లో బందిపోట్ల కుటుంబాల మధ్య పనిచేశారు. 1979లో జమ్నాలాల్ బజాజ్ అవార్డు వచ్చింది. 1982 జూలైలో కన్నుమూశారు. ఆమె లేకపోయినా ఆశ్రమం ఆగలేదు.

మన సంఘాల్లోనూ చూడండి. సీసీ మేడమ్ బదిలీ అయితే, లీడరు మారితే, పుస్తకాలు ఎవరు రాస్తారు? బ్యాంకులో ఎవరు మాట్లాడతారు? ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరితోనే పోతుంది. వచ్చే ఏడాది ప్రతి సంఘంలో ఇంకో ఇద్దరు సభ్యులకు పుస్తకాల నిర్వహణ నేర్పుదాం. ఆమె చూపిన దారిలో మనం వేయగలిగిన అడుగు అది.